నీళ్లు ఎందుకు తేరవు?



తొలకరికి కుంటలోకి వచ్చి చేరిన నీళ్లు వారం గడిచినా ఎర్రగానే ఉంటాయి. ఇసుక మొదటి నిమిషంలోనే అడుక్కి దిగిపోయింది. ఒండ్రు ఆ పూటకే దిగింది. మిగిలిన ఎరుపు మాత్రం దిగదు. గాలి ఆగినా, పశువులు దిగకపోయినా, నీళ్లు నిలకడగా ఉన్నా అంతే. మట్టి నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువైనది. బరువైనది మునగాలి కదా, ఇదెందుకు మునగదు? ఈ ప్రసంగం ఆ మిగిలిపోయిన ఎరుపు గురించి.

ప్రశ్న చిన్నదే. కానీ జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల లాంటి మండలంలో దాని జవాబు మీద చాలా పనులు ఆధారపడి ఉన్నాయి. అక్కడ చెల్కలున్నాయి, రేగళ్లున్నాయి. పత్తి, మిర్చి, వరి పండుతాయి. చెరువు నీళ్లూ వాడతారు, బోరు నీళ్లూ వాడతారు. వాన వెలిసినా మడిలో నీరు ఇంకకపోవడం, పంపులో పోసిన మందు విరిగిపోవడం, పటిక తిప్పితే బిందెలో నీళ్లు తేటపడడం, ఇవన్నీ చూడడానికి వేర్వేరు. భౌతికశాస్త్రంలో మాత్రం ఒకే అధ్యాయంలోకి వస్తాయి. దానికి కొల్లాయిడ్ల శాస్త్రం అని పేరు. చిట్యాల అంటే ఏ చిట్యాల అని అడిగేవాళ్లుంటారు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారిలో నల్లగొండ జిల్లాలో మరో చిట్యాల ఉంది. ఆ వైపు కూడా ఒకసారి వెళ్లి వద్దాం, అక్కడ ఈ శాస్త్రానికి వేరే పని పడింది.

ముందు సైజు సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నానోమీటరు అంటే ఆ మైక్రాన్‌లో మళ్లీ వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఒక నానోమీటరు నుంచి ఒక మైక్రాన్ దాకా ఉండే రేణువులు ఇంకో పదార్థంలో పరుచుకుని ఉంటే దాన్ని కొల్లాయిడ్ అంటారు. 1861లో థామస్ గ్రాహం అనే స్కాట్లండ్ రసాయనవేత్త పెట్టిన పేరిది. బంకమట్టి రేణువులు చాలావరకు ఈ కొలతల్లోనివే.

నీటిలో గుండ్రని రేణువు ఎంత వేగంగా దిగుతుందో 1851లో జార్జ్ స్టోక్స్ లెక్కగట్టాడు. ఆ లెక్కలో అసలు కీలకం ఒక్కటే: రేణువు వ్యాసం పదో వంతుకు తగ్గితే, దిగే వేగం నూరో వంతుకు పడిపోతుంది. ఒక అడుగు లోతు నీళ్లు తీసుకుందాం. మిల్లీమీటరులో పదో వంతున్న సన్న ఇసుక ఆ అడుగు దిగడానికి అర నిమిషం. 10 మైక్రాన్ల ఒండ్రుకు దాదాపు గంట. ఒక మైక్రాన్ మట్టికి నాలుగు రోజులు. అందులో పదో వంతున్న మట్టికి ఏడాది పైన. బరువు తక్కువని కాదు, అన్నిటిదీ అదే రాయి. చిన్నదయ్యే కొద్దీ దాన్ని కిందికి లాగే బరువు ఘనంలో తగ్గుతుంది, నీళ్లు పట్టి ఆపే ఒరిపిడి మాత్రం అంత తగ్గదు. అదే తేడా.

ఇంకో సంగతి కూడా ఉంది. నీటి అణువులు క్షణం కూడా ఊరుకోవు. అన్ని వైపుల నుంచీ వచ్చి రేణువును గుద్దుతూనే ఉంటాయి. ఇసుక రేణువుకు ఆ దెబ్బలు లెక్కలోకి రావు. మైక్రాన్ మట్టిని మాత్రం అవి ఇటూ అటూ తోసేస్తాయి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోని సన్నని రేణువులు నీటిలో ఇలా గంతులేయడం సూక్ష్మదర్శినిలో చూశాడు. పుప్పొడికి ప్రాణం ఉంది కాబట్టి కదులుతోందేమో అని మొదట అనుమానపడ్డాడు. ఆ అనుమానం తీర్చుకోవడానికి రాళ్లు పొడి చేసి చూశాడు, ఈజిప్టు సింహిక విగ్రహం నుంచి వచ్చిన ముక్కను కూడా నూరి చూశాడు. రాయి కూడా గంతులేసింది. అలాంటి మొండి పరిశీలకులంటే నాకు గౌరవం. ఆ గంతుల లెక్కను 1905లో ఐన్‌స్టీన్ రాశాడు. 1908 నుంచి పారిస్‌లో జాన్ పెరాఁ ఒక చెట్టు పసుపు జిగురును సన్నని గుళికలుగా చేసి నీటిలో వదిలి, ఏ ఎత్తులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. అన్నీ అడుక్కి చేరలేదు. కింద ఎక్కువ, పైకి పోయే కొద్దీ తక్కువగా పరుచుకుని అలాగే నిలిచాయి. బరువు కిందికి లాగుతుంటే నీటి అణువులు పైకి కూడా తోస్తున్నాయి కాబట్టి. అణువులు నిజంగా ఉన్నాయా అన్న వాదన ఆ లెక్కింపుతో దాదాపు ముగిసింది. పెరాఁకు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది.

చాలా పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. రేణువు చిన్నది, నీళ్లు దాన్ని కుదుపుతున్నాయి, అందుకే దిగదు, అయిపోయింది. అయిపోలేదు. ఆ కుదుపే రేణువులను ఒకదాని మీదికి ఒకటి విసురుతుంది కూడా. ఢీకొన్న ప్రతిసారీ అతుక్కుంటే ఏమవుతుంది? పోలండ్ శాస్త్రవేత్త స్మొలుచోవ్‌స్కీ 1917లో ఇచ్చిన సూత్రంతో లెక్క వేయండి. లీటరు నీటిలో ఒక గ్రాము మట్టి ఉంది, రేణువు ఒక్కోటి అర మైక్రాన్ అనుకుంటే, అర నిమిషంలో రేణువుల మొత్తం సంఖ్య సగానికి పడిపోవాలి. కొద్దిసేపట్లో అవి గుత్తులై, గుత్తులు పెద్దవై, చూస్తుండగానే అడుక్కి దిగాలి. కుంట నీళ్లు వారమైనా తేరడం లేదంటే, రేణువులు ఢీకొంటున్నా అతుక్కోవడం లేదన్న మాట. వాటిని ఏదో దూరంగా ఉంచుతోంది. అసలు భౌతికశాస్త్రం ఇక్కడ మొదలవుతుంది.

బంకమట్టి రేణువు పలకలు పలకలుగా ఉంటుంది. సిలికాన్ ఉండాల్సిన చోట కొన్నిచోట్ల అల్యూమినియం, అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం కూర్చుని ఉంటాయి. ఆ మార్పు వల్ల పలకకు ఋణావేశం మిగులుతుంది. అది మట్టి పుట్టినప్పుడే వచ్చింది, కడిగితే పోయేది కాదు. దాన్ని సరిదిద్దడానికి నీటిలోని ధన అయాన్లు, సోడియం, కాల్షియం లాంటివి, పలక చుట్టూ చేరతాయి. చేరతాయి గానీ గట్టిగా అతుక్కుని కూర్చోవు. వాటినీ నీటి అణువులు కుదుపుతుంటాయి కదా, అందుకని కొంత దూరం దాకా పలచగా పరుచుకుని ఒక పొరలా నిలుస్తాయి. 1910లో ఫ్రాన్స్‌లో గూయీ, 1913లో ఇంగ్లండ్‌లో చాప్‌మన్ ఈ పొర లెక్క కట్టారు. రెండు రేణువులు దగ్గరకు వస్తే ముందు ఈ పొరలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. మధ్య సందులో అయాన్లు కిక్కిరిసిపోతాయి. పలచబరచుకోవడానికి బయటి నీళ్లు ఆ సందులోకి దూసుకువస్తాయి. రేణువులు విడిపోతాయి. ఋణావేశం ఋణావేశాన్ని తోసేస్తుందని తేలిగ్గా చెబుతారు గానీ, తోపులాటలో ఎక్కువ పని ఈ నీళ్లదే.

ఇంతకీ వాటికి అతుక్కోవాలన్న ఒత్తిడి ఎక్కడిది? ఏ రెండు వస్తువులకైనా, ఆవేశం ఉన్నా లేకున్నా, బాగా దగ్గరగా వస్తే ఒక ఆకర్షణ ఉంటుంది. వాన్ డెర్ వాల్స్ బలం అంటారు. అణువులోని ఎలక్ట్రాన్ల అలజడి పక్క అణువులో అలజడి పుట్టించడం వల్ల వచ్చేదది. 1930లో ఫ్రిట్జ్ లండన్ దాన్ని వివరించాడు. ఒక్కో అణువుకు అది చాలా స్వల్పం. కానీ రేణువులో కోట్ల అణువులుంటాయి. వాటన్నిటి ఆకర్షణా కలిపి లెక్కిస్తే ఎంత బలమవుతుందో 1937లో నెదర్లాండ్స్‌లోని హమాకర్ చూపించాడు.

తోపు ఒకటి, లాగుడు ఒకటి. రెండూ కూడితే ఏమొస్తుంది? సోవియట్ రష్యాలో డెర్యాగిన్, లాండౌ 1941లో ఆ లెక్క ప్రచురించారు. నెదర్లాండ్స్‌లో వెర్వే, ఓవర్‌బీక్ యుద్ధకాలంలో అదే దారిలో నడిచి 1948లో పుస్తకం తెచ్చారు. యుద్ధం వల్ల ఒకరి పని ఒకరికి చేరలేదు. చివరికి నలుగురి పేర్ల మొదటి అక్షరాలూ కలిపి డీఎల్‌వీవో సిద్ధాంతం అన్నారు.

ఆ సిద్ధాంతం చెప్పేది చెరువు కట్టను ఊహించుకుంటే అర్థమవుతుంది. రెండు రేణువుల మధ్య ఒక గట్టు ఉంటుంది. గట్టుకు అవతల లోతైన గుంట. దూరం నుంచి వచ్చే రేణువు ముందు గట్టెక్కాలి, ఎక్కితే అవతల గుంటలో పడి ఇంకో రేణువుకు అతుక్కుపోతుంది, మళ్లీ బయటికి రాదు. ఎక్కలేకపోతే వెనక్కి జారిపోతుంది. ఎక్కడానికి దానికున్న సత్తువ నీటి అణువుల కుదుపు ఒక్కటే. గట్టు ఆ కుదుపుకు పదిహేను, ఇరవై రెట్లు ఎత్తుంటే నీళ్లు వారాలు, నెలలు తేరవు. గట్టు కూలితే నిమిషాల్లో తేరతాయి.

గట్టు ఎత్తును నిర్ణయించేది ఎవరు? మట్టి కాదు, నీళ్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నీళ్లలో కరిగి ఉన్న లవణం. ఈ ప్రసంగంలో నేను పట్టుబట్టి చెప్పదలచుకున్న సంగతి ఇదే. బురద నీళ్లను చూడగానే మన దృష్టి బురద మీదికి పోతుంది. పోవలసింది కంటికి కనిపించకుండా కరిగిన దాని మీదికి. లీటరు నీటిలో 58 మిల్లీగ్రాముల ఉప్పుంటే రేణువు చుట్టూ అయాన్ల పొర మందం సుమారు 10 నానోమీటర్లు. ఉప్పు నూరు రెట్లు చేస్తే, అంటే లీటరుకు 6 గ్రాముల లోపు, మందం ఒక నానోమీటరుకు కుంచించుకుపోతుంది. సముద్రపు నీళ్లలో అర నానోమీటరు కూడా ఉండదు. పొర పలచబడితే రేణువులు బాగా దగ్గరకు వచ్చేదాకా తోపు తెలియదు. ఈలోగా లాగుడు అందుకుంటుంది.

తొలకరి నీళ్లు ఎందుకు తేరవో ఇప్పుడు తెలిసిపోయింది. వాన నీళ్లలో లవణం చాలా తక్కువ. పొర మందంగా ఉంటుంది, గట్టు ఎత్తుగా నిలుస్తుంది. అదే మట్టిని రెండు బకెట్లలో, ఒకటి వాన నీళ్లతో, ఒకటి బాగా కఠినంగా ఉండి సబ్బు నురగ కట్టనివ్వని బోరు నీళ్లతో కలిపి పెట్టి చూడండి. బోరు నీళ్ల బకెట్ ముందు తేరుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని ఎర్రగా సాగే వానాకాలపు గోదావరి వందల కిలోమీటర్లు అదే రంగుతో పోతుంది. ఆ సన్నమట్టి అంతర్వేది దగ్గర ఉప్పు సముద్రాన్ని తాకగానే గుత్తులు కట్టడం మొదలుపెడుతుంది. డెల్టాలు పెరగడంలో ఈ గుత్తుల పాత్ర కూడా ఉంది.

అన్ని లవణాలూ ఒకటి కావు. 1882లో షుల్జ్ అనే జర్మన్, 1900లో హార్డీ అనే ఆంగ్లేయుడు ఒక నియమం పట్టుకున్నారు. అయాన్ మీద ఆవేశం ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడుకు పెరిగితే దాని పనితనం రెండింతలు, మూడింతలు కాదు, ఎన్నో పదుల, వందల రెట్లు పెరుగుతుంది. డీఎల్‌వీవో లెక్క ప్రకారం సోడియం ఎంత కావాలో కాల్షియం అందులో 64వ వంతు, అల్యూమినియం 729వ వంతు చాలు. నిజం మట్టితో చేస్తే అంకెలు ఇంత కచ్చితంగా రావు, కానీ వరస తప్పదు. పటికలో ఉన్నది అల్యూమినియం. బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పితే చాలని మన ఇళ్లలో ఎప్పటి నుంచో తెలుసు.

పటిక ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్లలో కరిగాక అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి జిగురు లాంటి తెల్లని తునకలవుతుంది. అవి దిగుతూ దారిలోని మట్టిని వెంట తీసుకుపోతాయి. నీటి శుద్ధి కేంద్రాల్లో పటికకు బదులు అల్యూమినియం సల్ఫేటు, లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల చొప్పున వేస్తారు. ముందు వడిగా కలుపుతారు, మందు అంతటా చేరడానికి. తర్వాత నెమ్మదిగా కలుపుతారు, రేణువులు ఒకదాన్నొకటి తాకి గుత్తి కట్టడానికి. ఆ రెండో దశలో వడిగా తిప్పితే కట్టిన గుత్తులు మళ్లీ చెదిరిపోతాయి. ఇంట్లో బిందెకూ ఇదే వర్తిస్తుంది. మందు ఎక్కువైనా చిక్కే. అవసరానికి మించి వేస్తే రేణువుల ఋణావేశం పోయి, ధనావేశం వచ్చేసి, మళ్లీ ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలెట్టవచ్చు.

పటిక లేని కాలంలో, లేని ఊళ్లో చిల్లగింజ ఉండేది. బిందె లోపలి గోడకో, సానరాయి మీదో అరగదీసి నీళ్లలో కలిపేవారు. సంస్కృతంలో దీన్ని కతకం అంటారు, సుశ్రుత సంహితలో నీటిని తేర్చే వాటిలో దీని ప్రస్తావన ఉంది. ఇది పని చేసే తీరు పటిక తీరు కాదు. గింజలో పొడవాటి గొలుసుల్లాంటి చక్కెర అణువులుంటాయి. ఒక్కో గొలుసు ఒక కొసన ఒక రేణువును, రెండో కొసన ఇంకో రేణువును పట్టుకుంటుంది. గట్టును కూల్చడం కాదు, గట్టు మీదుగా తాడు విసరడం. ఇందులోనూ ఎక్కువ వేస్తే రేణువు ఒళ్లంతా గొలుసులే కప్పేసి ఇంకో రేణువుకు చోటుండదు. మునగ గింజలో ఉండేవి ధనావేశమున్న ప్రొటీన్లు, అవి పటిక దారిలోనే పని చేస్తాయి. ఒక హెచ్చరిక. నీళ్లు తేటపడితే రోగక్రిములు చాలావరకు మట్టితో పాటు దిగుతాయి గానీ అన్నీ దిగవు. తేట నీళ్లను కూడా కాచుకోవాలి, లేదా క్లోరిన్ వేసుకోవాలి.

నల్లగొండ చిట్యాల వైపు వెళ్దామన్నాను. ఆ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎముకలు వంచేసిన కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఫ్లోరైడ్ బురద కాదు, పూర్తిగా కరిగి ఉంటుంది. కంటికి నీళ్లు తేటగానే కనిపిస్తాయి, అదే దాని దుర్మార్గం. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, నీరి, ఒక పద్ధతి తయారుచేసింది. నీళ్లలో సున్నం, పటిక వేస్తారు. ఇంతకుముందు చెప్పిన జిగురు తునకలు పుడతాయి, ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం వాటికి పట్టుకుని అడుక్కి దిగుతుంది, పై నీళ్లు వంచుకోవచ్చు. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. అయితే ఫ్లోరైడ్ కాస్త ఎక్కువైతే పటిక చాలా పోయాల్సి వస్తుంది. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. దూరం నుంచి నది నీళ్లు తెచ్చి ఇవ్వడమే మేలన్న నిర్ణయానికి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక పొలంలోకి. బిందెలో మట్టి గుత్తి కట్టాలని కోరుకుంటాం. పొలంలోనూ అదే కోరుకుంటాం, కానీ అక్కడ ఆ మాట ఎవరూ అనరు. మట్టి గుల్లగా ఉంది, పదునుగా ఉంది అంటారు. గుల్లగా ఉండడం అంటే బంక రేణువులు గుత్తులు కట్టి, గుత్తుల మధ్య సందుల్లో నీరూ గాలీ ఆడడం. గుత్తులు విడిపోతే ఆ రేణువులే సందులకు అడ్డం పడతాయి. పైన నీళ్లు నిలుస్తాయి, కింద వేరు ఎండిపోతుంది, ఆరాక పొరలా గట్టిపడి మొలక పైకి రాదు. కారుచౌడు అంటే ఇదే. మట్టి పట్టుకున్న ధన అయాన్లలో సోడియం 15 శాతం దాటి, పీహెచ్ 8.5 మించితే కారుచౌడు లక్షణం అంటారు.

సోడియంకు ఒక్క ఆవేశమే కదా, పలక చుట్టూ దాని పొర మందంగా, వదులుగా ఉంటుంది. కాల్షియంకు రెండు, అది పలకను గట్టిగా హత్తుకుంటుంది. బోరు నీళ్లలో సోడియం బైకార్బొనేటు ఎక్కువైతే ఏటేటా ఏం జరుగుతుందో చూడండి. నీరు ఆవిరవుతుంది, కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది, మట్టికి సోడియం మిగులుతుంది. తెల్లగా ఉప్పు పేరుకునే పాలచౌడు వేరు. అందులో లవణం ఎక్కువ కాబట్టి పొరలు కుంచించుకుని గుత్తులు నిలిచే ఉంటాయి. దాన్ని ఉత్త మంచి నీళ్లతో కడిగేస్తే ఒక్కోసారి మోసం జరుగుతుంది. ఉప్పు పోతుంది, పలకలను పట్టుకున్న సోడియం పోదు, పొరలు ఒక్కసారి విచ్చుకుంటాయి, మట్టి బురదై కూర్చుంటుంది. పాలచౌడు కాస్తా కారుచౌడవుతుంది. ఎరువుల కొట్టులో ఎవరూ ఇది చెప్పరు.

అందుకే జిప్సం. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. లీటరు నీటిలో రెండు, రెండున్నర గ్రాములకు మించి కరగదు, అదే దానిలో గొప్ప. ఒక్క వానకు కొట్టుకుపోకుండా కొద్దికొద్దిగా కాల్షియం ఇస్తూ ఉంటుంది. కాల్షియం పలక మీదికి చేరి సోడియాన్ని బయటికి నెడుతుంది. సోడియం సల్ఫేటుగా మారి నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు బయటికి పోయే కాలువ లేకపోతే వేసిన జిప్సం అంతా వృథా. ఎకరానికి ఎంత వేయాలో మట్టి పరీక్ష చెప్పాలి, పక్క రైతు చెప్పకూడదు.

పరీక్షకు పంపే ముందు మీరే చూసుకోగల ఒక పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలో ఎమర్సన్ అనే భూమి శాస్త్రవేత్త 1967లో దాన్ని వర్గీకరించి పెట్టాడు. ఎండిన మట్టిపెళ్ల, బఠాణీ గింజంత, వాన నీళ్లున్న గ్లాసులో మెల్లగా దించి వదిలేయండి. కదపకండి. రెండు గంటలకు ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. పెళ్ల చితికి కుప్పగా కూలితే భయం లేదు, అది సందుల్లోకి నీళ్లు చొరబడి గాలి బయటికి తన్నడం వల్ల. కుప్ప చుట్టూ తెల్లని పాలపొర వలయంలా పరుచుకుంటే రేణువులు విడిపోతున్నాయని అర్థం. బోరు నీళ్లతో చేస్తే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది. కారణం ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

రేగడి గురించి ఒక్క మాట. ఇందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఎక్కువ. దాని ఒక్కో పలక మందం ఒక నానోమీటరు. ఈ పలకలన్నీ విడదీసి పరిస్తే గ్రాముకు సుమారు 800 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. అంటే అయిదు గ్రాముల ఖనిజంలో దాదాపు ఎకరం దాగి ఉంది. ఎండాకాలం కాలు పట్టే బీటలు వేసే నేల, మొదటి వానకు ఉబ్బి మూసుకుపోతుందంటే, ఇంత ఉపరితలం మధ్యకీ నీళ్లు చొరబడుతున్నాయి. పలకల మధ్య కాల్షియం ఉంటే అది రెండు వైపులా పట్టి ఉంచి, ఉబ్బును కొంతవరకే పోనిస్తుంది. సోడియం చేరితే ఆ హద్దు ఉండదు, పలకలు ఒకదాన్నొకటి వదిలేసేదాకా విచ్చుకుంటాయి. మన రేగళ్లు ఎక్కువగా కాల్షియం రేగళ్లే కావడం పత్తి రైతు అదృష్టం.

చివరగా పంపు సంగతి. పత్తికీ మిర్చికీ కొట్టే మందులు కూడా కొల్లాయిడ్లే, లేదా వాటికి దగ్గరి చుట్టాలు. నీళ్లలో పోయగానే తెల్లగా అయ్యేవి నూనె మందులు. నూనెలో కరిగిన మందు సన్నని బొట్లుగా విడిపోయి నీళ్లలో తేలుతుంది. ఆ బొట్టు చుట్టూ సబ్బులాంటి అణువులు ఒత్తుగా నిలబడి ఇంకో బొట్టును దగ్గరకు రానివ్వవు. ఇక్కడ కాపలా విద్యుత్తుదొక్కటే కాదు, ఆ అణువుల తోకలు అడ్డం నిలవడం కూడా. పాలలో కేసీన్ గుళికలను విడివిడిగా ఉంచేదీ ఇలాంటి ఏర్పాటే. నిమ్మరసం పడితే ఆ తోకలు ముడుచుకుంటాయి, ఆవేశం పోతుంది, పాలు విరుగుతాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి పొడి మందులు మాత్రం అచ్చంగా బురద నీళ్ల లాంటివే, రేణువులు కాస్త పెద్దవి కాబట్టి కలపడం ఆపితే దిగిపోతాయి.

కఠినమైన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది సబ్బు అణువులను పట్టేసుకుంటుంది, బొట్ల చుట్టూ కాపలా పలచబడుతుంది, నూనె పైకి తేలుతుంది. రైతు మందు విరిగిందంటాడు. కొన్ని మొక్కలకు మందు రెట్టింపు పడి ఆకు మాడుతుంది, కొన్నింటికి ఉత్త నీళ్లే పడతాయి. ఒకే పంపులో రెండు మూడు మందులు, పైగా ఒక పోషక లవణం కలిపితే చిక్కు ఇంకా పెరుగుతుంది. మెగ్నీషియం సల్ఫేటు, జింకు సల్ఫేటు రెండింటి అయాన్లకూ రెండేసి ఆవేశాలు. షుల్జ్, హార్డీల నియమం పంపులోనూ మారదు. ఏ మందు దేనితో కలపవచ్చో పురుగు దృష్టితో వ్యవసాయ అధికారి చెప్పాలి, నేను చెప్పేది రేణువుల దృష్టితో మాత్రమే.

పెద్ద పంపులో పోసే ముందు, కొట్టబోయే నీళ్లే ఒక లీటరు తీసుకుని, మందులను అదే పాళ్లలో కలిపి అరగంట ఆగండి. పైన నూనె తేలినా, పెచ్చులు కట్టినా, మీగడలా చేరినా ఆ జోడీ వద్దు. కలిపే వరస కూడా ముఖ్యం. పంపులో సగం నీళ్లు పోసి ముందు పొడి మందు, అది విడిగా కొద్ది నీళ్లలో ముద్దగా కలుపుకుని పోయాలి. బాగా కలిపాక చిక్కటి ద్రవం మందు, ఆ తర్వాత నూనె మందు, అన్నిటికన్నా చివర, మందు ఆకుకు అంటుకోవడానికి వేసే జిగురు. నూనె మందు ముందు పోసి, దాని మీద పొడి చల్లితే, పొడి రేణువులు నూనె బొట్లకే అంటుకుని ముద్దకడతాయి, నాజిల్ పట్టేస్తుంది. మధ్యలో బీడీ ముట్టించడానికో, ఫోను మాట్లాడడానికో ఆగితే, మళ్లీ మొదలుపెట్టే ముందు పంపును బాగా కుదపాలి, ఎందుకంటే పొడి మందు ఆ కాసేపట్లోనే అడుక్కి చేరి ఉంటుంది. బీడీకి ముందు చేతులు కడుక్కోవడం మరవకండి.